అనూల్ఫో యాన్ ఎవరి శవం

వాషింగ్టన్ హైట్స్, న్యూయార్క్
జనవరి 14, 2014

కొమాద్రే సెనైదా గారికి, మీ కొంపాద్రే ఇసిదోరో రాస్తున్న ఉత్తరం.

నిన్న ఫోనులో మీరు ఏడ్చారు, నేను అరిచాను, పక్కింటివాళ్ళు గోడ కొట్టారు. మీ అమ్మాయి యనెలిస్ జ్ఞానస్నానం నాడు తల మీద పాదిరి నీళ్ళు పోస్తుంటే పిల్లని ఎత్తుకున్నది నేను. ఆనాటి నుంచి నేను మీకు కొంపాద్రేని, మీరు నాకు కొమాద్రే. అంతకుముందు ఎంత చనువున్నా ఆ తర్వాత ‘మీరు’ తప్ప ‘నువ్వు’ లేదు. మన మధ్య పెద్దమాట రాకూడదు, ఒకరి చెవిలో ఒకరు చేదు పొయ్యకూడదు. ఆ మర్యాద ఫోనులో నిలవడం లేదు. అందుకే కాగితం తీశాను. సాన్ పెద్రో వెళ్తున్న మంగలి రామోన్ చేతికిచ్చి పంపుతున్నాను.

అనూల్ఫో పోయిన తీరు మీకు తెలియాలి. హోటల్ వంటగదిలో మధ్యాహ్నానికి పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, చెక్క కింద పెట్టి అణుస్తున్నాడు. కొత్త వంటవాణ్ణి “ఉప్పు నీ మామగారిదా, అంత భయపడుతూ వేస్తావేం” అని తిట్టి, “కాస్త అలుపుగా ఉంది” అని బంగాళాదుంపల బస్తా మీద కూర్చున్నాడు. అంతే. ముక్కలు మాడిపోతుంటే గాని ఎవరూ అటు చూడలేదు.

మీ ఆయన్ని మీ అత్తగారి పక్కన పడుకోబెట్టే పూచీ నాది. శవం దోన్ కిరికో దగ్గరుంది. ఆయన వ్యాపారమే అది, చచ్చిపోయిన మన దొమినికన్లని ఊరికి చేర్చడం. మనం ఈ దేశానికి బతకడానికొస్తాం గాని ఉండిపోవడానికి కాదు కదా. ప్రతి మంగళవారం విమానం కింది అరలో మనవాళ్ళు ఒకరిద్దరు పడుకుని వెళ్తూనే ఉంటారు. చక్రాలు మన నేలని తాకగానే పైనున్నవాళ్ళంతా చప్పట్లు కొడతారు, మీకు తెలుసుగా. కిందున్నవాళ్ళకి ఆ భాగ్యం లేదు. నేను ముప్పయ్యేళ్ళు ఈ భవంతికి కాపలాదారుగా ఉండి, అద్దెకున్నవాళ్ళు పారేసిన పుస్తకాలన్నీ చదివాను. విమానం దిగాక చప్పట్లు కొట్టే జాతి ఇంకోటుందని ఎక్కడా రాయలేదు.

ఇక్కడ తొమ్మిది సాయంత్రాల ప్రార్థన చేయించమని దోన్యా ఉరానియాని అడిగాను. మా పేటలో చచ్చినవాళ్ళందరికీ జపమాల తిప్పేది ఆవిడే. పాపం, గొంతు బొంగురుపోయిందట. మీరక్కడ మొదలుపెట్టండి. వెనకే అనూల్ఫో వస్తాడు.

మీ కొంపాద్రే,
ఇసిదోరో


బతెయ్ లా ములా, సాన్ పెద్రో దగ్గర
జనవరి 26

కొంపాద్రే ఇసిదోరో గారికి, సెనైదా.

తొమ్మిది సాయంత్రాలూ అయిపోయాయి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, గ్లాసుడు నీళ్ళు పెట్టాం. పెత్రోనీలా స్పానిష్‌లో జపమాల చెప్పింది. ఆమె నోరెండగానే ముసలి ఫ్రేదో హైతీవాళ్ళ క్రెయోల్ భాషలో పాట ఎత్తుకున్నాడు. చెరకు కొట్టి వచ్చినవాళ్ళంతా రెండిటికీ ఒకే గొంతుతో అందుకున్నారు. ఏది ఎవరిదని ఈ బతెయ్‌లో, ఈ చెరకు కూలీల పేటలో, ఎవరూ అడగరు. కాఫీ చాలలేదు, అదొక్కటే గొడవ.

మా అత్తగారి పక్కన గొయ్యి తవ్వించాను. మీరు ‘వెనకే వస్తాడు’ అన్నారు కదా. వానకి నిండింది. తోడించాను. మళ్ళీ నిండింది. తెరిచిన గొయ్యి ఇంకొకరిని పిలుస్తుందంటారు, అందుకని పైన పలకలేసి రాళ్ళు పెట్టాం. పిల్లలు అటు పోవడానికి భయపడుతున్నారు. వాళ్ళనేముంది, నేనూ పోవడం లేదు.

ఇంకో సంగతి. మా పిన్ని కూతురు మీ పేటలోనే జుట్టు సాఫీ చేసే దుకాణంలో పని చేస్తుంది. దోన్యా ఉరానియా మొన్న ఆదివారం ఎవరో పెద్దాయన వర్ధంతిలో రెండు గంటలు కంచుగంటలా పాడిందట. బొంగురు తగ్గడానికి ఏం తాగారో కనుక్కుని రాయండి, ఫ్రేదోకి పనికొస్తుంది.

నా చెవికి చేదు తగలకూడదని మీ మర్యాద. నా చెవి చేదుకి అలవాటు పడిందే. నిజం రాయండి.

సెనైదా


వాషింగ్టన్ హైట్స్
ఫిబ్రవరి 10

కొమాద్రే గారికి,

మీరు గట్టిపిండం. సరే, చెప్తాను.

ఉరానియా గారు తలుపు తీసినప్పుడు గొంతు చక్కగానే ఉంది.

“ఎవరు పోయారు బాబూ?”

“అనూల్ఫో అండీ. హోటల్లో వంట చేసే అనూల్ఫో.”

“ఆ నల్లాయనా? మంచి మనిషి. రేపే మొదలుపెడదాం. ఇంటిపేరు చెప్పు, ప్రార్థనలో చదవాలి.”

“యాన్.”

అప్పుడు బొంగురుపోయింది. “అది మనవాళ్ళ పేరు కాదే, హైతీవాళ్ళది. వాళ్ళ దేవుళ్ళు వేరు, వాళ్ళ పద్ధతులు వేరు. బ్రూక్లిన్‌లో వాళ్ళ ప్రార్థనవాళ్ళు వాళ్ళకుంటారులే నాయనా” అంటూ గొంతు పట్టుకుంది. కొమాద్రే, ఆవిడ నాకన్నా రెండు ఛాయలు నలుపు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆవిడకి అద్దం కూడా చెప్పలేకపోయింది. మెట్లు దిగుతుంటే నోట్లో కుళ్ళిన గుడ్డు పగిలినట్టయింది. వీధి మొక్క మొదట్లో ఉమ్మేసి వచ్చాను.

తర్వాత కిటికీలు. శవం దేశంలోకి రావాలంటే ఇక్కడున్న మన దేశపు కాన్సులేట్ ఆఫీసువాళ్ళ ముద్ర కావాలి. కిటికీ వెనక అమ్మాయి అనూల్ఫో పౌరసత్వపు కార్డు చూసి, కంప్యూటర్ చూసి, “ఈయన మనవాడు కాదండీ” అంది.

“ఈ కార్డు మీద ఎన్ని ఎన్నికల్లో ఓటేశాడో తెలుసా?”

“పొరపాటున ఇచ్చిన కార్డండీ. కొత్త తీర్పొచ్చింది. హైతీ నుంచి వచ్చిన తల్లిదండ్రులు దారినపోతూ కన్న పిల్లలు మన పౌరులు కారు.”

దారినపోతూనట. అనూల్ఫో తండ్రి అరవయ్యేళ్ళు ఒకే తోటలో చెరకు కొట్టాడు, ఒకే గుడిసెలో ఒకే మంచం మీద పోయాడు. తాబేలు కూడా అంత నిదానంగా దారినపోదు.

రెండో కిటికీకి, హైతీవాళ్ళ దగ్గరికి, వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి కుర్చీ వేసి, మర్యాదగా విని, “మా దగ్గర పుట్టనివాడు, మా పుస్తకంలో లేనివాడు. పైగా ఆయన బతికుండగా మమ్మల్ని ఏమనేవాడో మీకు తెలీదా?” అన్నాడు. తెలుసు. మీకూ తెలుసు. మన అనూల్ఫో ‘ఆ హైతీవాళ్ళు’ అని మొదలుపెట్టాడంటే పాదిరి కూడా చెవులు మూసుకోవలసిందే. ఎవరికి ఎంత జడిస్తే అంత గట్టిగా తిట్టాడు పాపం.

కాని దిగులు వద్దు. ఇక్కడ ‘ఒకే దీవి కమిటీ’ అని ఒకటుంది, మన దేశమూ హైతీ ఒకే దీవిలో చెరోవైపు ఉన్నాయి కదా, అందుకని ఆ పేరు. సగం మనవాళ్ళు, సగం బ్రూక్లిన్ హైతీవాళ్ళు. ఆ తీర్పు మీద పోరాడుతున్నారు. మనవాళ్ళ తరఫున రైదెల్ అనే కాలేజీ కుర్రాడు, వాళ్ళ తరఫున ఫాబియెన్ అనే లెక్చరరమ్మ. లాయరు కూడా ఉన్నాడు. నేను వెళ్ళి చెప్పగానే రైదెల్ కళ్ళు మెరిశాయి. “తాతా, ఇది శవం కాదు, సాక్ష్యం” అన్నాడు. నాకు ఆ మెరుపు నచ్చలేదు గాని, మునిగేవాడు గడ్డిపోచ కులం అడగడు.

వాళ్ళ మీటింగ్ చూసి తీరాలి. ఊరేగింపు ఫిబ్రవరి ఇరవై ఏడున పెడదామన్నాడు రైదెల్, జాతీయ దినం కాబట్టి టీవీలవాళ్ళంతా ఉంటారని. ఫాబియెన్ కళ్ళజోడు తీసి, “అది మీరు మా నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకున్న రోజు. ఆ రోజు మమ్మల్ని జెండా పట్టుకుని నడవమంటావా?” అంది. నిజమే సుమా. మిగతా ప్రపంచమంతా తెల్లదొరల నుంచి విడిపోయిన రోజు పండగ చేసుకుంటే, మనం పక్కింటివాడి నుంచి విడిపోయిన రోజు చేసుకుంటాం. రైదెల్‌కి అది అప్పటిదాకా తట్టనేలేదు. అందులోనే పుట్టి పెరిగాడు, చేపకి నీళ్ళు కనిపిస్తాయా. రెండు గంటలు కొట్టుకుని మార్చి రెండో తేదీకి మార్చారు.

వెనక బెంచీ మీద మదాం ఆంద్రెలీజ్ అని ఓ హైతీ ముసలామె కూర్చుంటుంది. వృద్ధాశ్రమంలో పనిచేసి రిటైరైంది. కమిటీకి అన్నం, బీన్స్ వండి తెస్తుంది. ఆమె నా చెవిలో, “వీళ్ళెవరూ ఎప్పుడూ శవానికి స్నానం చేయించలేదు, మాటల్లో తెలుస్తోంది” అంది.

లాయరు ప్రయత్నిస్తున్నాడు. గొయ్యి మీద పలకలు ఉంచండి.

మీ కొంపాద్రే,
ఇసిదోరో


బతెయ్ లా ములా
ఫిబ్రవరి 21

ఇసిదోరో,

నీ కమిటీ కుర్రాడు వచ్చాడు. రైదెల్. మెడలో కెమెరా, కాళ్ళకి కొత్త బూట్లు. మర్యాదస్థుడే, నన్ను అమ్మా అన్నాడు. కాఫీ ఇచ్చాను.

గొయ్యి మీది పలకలు తీయించాడు. పక్కన నిలబడమన్నాడు. నిలబడ్డాను. “కాస్త ఏడవండమ్మా” అన్నాడు. పొద్దున్నే ఏడ్చేశాను, ఇప్పుడు రాదన్నాను. అయితే కిందకి చూడమన్నాడు. యనెలిస్ ముందురోజే జుట్టు సాఫీ చేయించుకుంది, కాలేజీలో చేరడానికి కావలసిన పౌరసత్వపు కార్డు కోసం ఫొటో దిగాలని. ఆ కార్డు వాళ్ళు ఇస్తారో లేదో గాని జుట్టు మాత్రం సిద్ధం చేసుకుంది. వాడు దాన్ని తలకి గుడ్డ కట్టుకోమన్నాడు. ఎందుకయ్యా అంటే, “ఇలా ఉంటే బతెయ్ పిల్లలా లేదు చెల్లీ” అన్నాడు. బతెయ్‌లో పుట్టినదానికి బతెయ్ పిల్లలా ఉండటం ఈ న్యూయార్క్ పిల్లాడు నేర్పాడు. పిల్ల లోపలికెళ్ళి తలుపేసుకుంది.

పోతూ పోతూ నన్ను ఓదార్చాడు. “ముద్ర ఎప్పుడో పడిందమ్మా, లాయరు సాధించాడు. ఊరేగింపు అవగానే మొదటి విమానంలో పంపేస్తాం” అని.

ఎప్పుడో పడిందట.

నీకు తెలుసా? తెలిసే నాకు గడ్డిపోచ, తాబేలు అని కథలు రాశావా? నా మొగుడు పెట్టెలో పడుకుని వీళ్ళ ఊరేగింపు కోసం ఎదురు చూస్తున్నాడు, నేనిక్కడ గోతిలో నీళ్ళు తోడుతున్నాను. ఉరానియా వద్దంది. కిటికీలు వద్దన్నాయి. వాళ్ళ మీద నాకు కోపం కూడా లేదు, వాళ్ళ మొహం ఏదో అదే చూపించారు. ప్రేమతో వచ్చినవాళ్ళే ఇలా చేశారు.

అనూల్ఫోని పంపు. మర్యాద వద్దు.

సెనైదా


వాషింగ్టన్ హైట్స్
మార్చి 6

సెనైదా,

తెలుసు. ఆ ఉత్తరం రాసేనాటికే ముద్ర పడింది. ‘కొద్ది రోజులే తాతా, ఆయన వల్ల ఈ తీర్పుతో పౌరసత్వం పోయిన రెండు లక్షలమందికి మేలు’ అన్నారు. లెక్క పెద్దది, సరేనన్నాను. మీకు రాస్తే చేదని రాయలేదు. చేదు దాచినందుకు ఇప్పుడు విషమైంది. వినండి.

ఆదివారం ఊరేగింపు. శవాన్ని తేకూడదు కాబట్టి ఖాళీ పెట్టె తెచ్చారు. దాని మీద కప్పడానికి చెరిసగం జెండా కుట్టించారు, ఇటు మనది, అటు వాళ్ళది. తలవైపు ఎవరి సగం ఉండాలి? దాని మీద నడివీధిలో గంట వాదన. మంచు కురుస్తోంది. పెట్టెలో ఎవరూ లేరు, కాబట్టి తల ఎటున్నదీ ఎవరూ చెప్పలేరు. చివరికి జెండాని అడ్డంగా కప్పారు.

నూట ఎనభై ఒకటో వీధిలో పైకిటికీల నుంచి గుడ్లు పడ్డాయి. “దేశాన్ని అమ్ముకున్న కుక్కల్లారా” అని ఒక ఆడగొంతు మూడు వీధులకి వినిపించింది. ఉరానియా గారు. అంత శుద్ధమైన గొంతు నేనెన్నడూ వినలేదు. బ్రూక్లిన్ రేడియో ఆయన మైకు పుచ్చుకుని “మన హైతీ అమరవీరుడు” అన్నాడు. అనూల్ఫో వింటే పెట్టె పగలగొట్టుకుని వచ్చి మైకు లాక్కునేవాడు. రైదెల్ కవిత చదివాడు. అందులో మీరున్నారు, ఏడుస్తూ ఉన్నారు. ఫాబియెన్ ఇంగ్లీషులో మాట్లాడింది, ఎవరి భాష ముందన్న తగువు తేలక.

అయిపోయాక మనవాళ్ళు మన హోటల్‌కి వెళ్ళారు, వాళ్ళు రైలెక్కి వాళ్ళ హోటల్‌కి వెళ్ళారు. పెట్టె పేవ్‌మెంటు మీద ఉంది, గుడ్డుసొన కారుతూ. నేనూ మదాం ఆంద్రెలీజూ చెరోవైపు పట్టుకుని దోన్ కిరికో దుకాణానికి మోసుకెళ్ళాం. దారిలో ఆమె రెండుసార్లు ఆగింది, నేను నాలుగుసార్లు. “ఖాళీదే ఇంత బరువుంటే నిండుది ఎవరు మోస్తారో” అంది. ఇద్దరం నవ్వాం.

అసలు దెబ్బ మంగళవారం తగిలింది. పేపర్లో అనూల్ఫో బొమ్మ పడింది. కిటికీవాళ్ళు దోన్ కిరికోకి ఫోన్ చేసి, “ఆ ముద్ర రద్దు. దేశానికి మచ్చ తెచ్చేవాళ్ళని దేశంలో పూడ్చం” అన్నారట. లాయరు మళ్ళీ వేస్తానంటున్నాడు, ఏడాది పట్టొచ్చట. రైదెల్ ఉత్సాహంగా ఉన్నాడు, ఇది ఇంకా పెద్ద సాక్ష్యమట. వాణ్ణి కొట్టలేదు.

దోన్ కిరికో ఈ నెలాఖరు దాకానే ఉంచగలడు. ఆ తర్వాత ఈ నగరం దిక్కులేనివాళ్ళని వరసగా పూడ్చే దీవి ఒకటుంది, అక్కడికి. రాయి ఉండదు, పేరుండదు.

ఇంకో దారి. మదాం ఆంద్రెలీజ్‌వాళ్ళకి ఓ శ్మశాన సంఘం ఉంది, లాంగ్ ఐలాండ్‌లో సొంత స్థలం. ఆమె తన చోటు ఇచ్చేస్తానంది, తను తర్వాత చూసుకుంటుందట. కాని సంఘం రూలు, హైతీవాళ్ళకి మాత్రమే. దగ్గరి మనిషి ఎవరైనా ‘ఈయన హైతీవాడు’ అని సంతకం చెయ్యాలి. నేను చెయ్యగలను. చేస్తే ఆ తీర్పు నిజమేనని మనమే రాసిచ్చినట్టు. ఆ కాగితం ఏ పేపరువాడి చేతిలోనో పడితే, తండ్రి హైతీవాడైతే కూతురూ హైతీదే అని యనెలిస్‌కి కార్డు ఇవ్వరు. తండ్రికి మట్టా, కూతురికి కార్డా?

మీరు చెప్పనిదే సంతకం పెట్టను. ఈసారి ఏదీ దాచలేదు.

ఇసిదోరో


బతెయ్ లా ములా
మార్చి 16

కొంపాద్రే ఇసిదోరో గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. యనెలిస్‌కి ఇచ్చాను. అది చదివి కాగితం మడిచి, “అమ్మా, కార్డు ఇవ్వాలనుకున్నవాడు నాన్న ఎక్కడున్నాడో వెతకడు. ఇవ్వకూడదనుకున్నవాడికి ఈ కాగితమే అక్కర్లేదు. పెట్టమను” అంది. బావి దగ్గరికి పోయింది. బిందె తీసుకెళ్ళడం మర్చిపోయింది.

కొంపాద్రే, మా ఆయన చిన్నప్పుడు ఈ పేటలో పోలీసులు లారీ తెచ్చి నల్లగా ఉన్నవాళ్ళని ఎక్కించుకుపోయేవారు. ఆయన్ని మా అత్తగారు ఆముదం బస్తాల మధ్య దాచేది. దాగినవాడు లోపలి నుంచి ‘ఆ హైతీవాళ్ళు, ఆ హైతీవాళ్ళు’ అని తిట్టడం అప్పుడు నేర్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో నేను క్రెయోల్‌లో పిలిస్తే పలికేవాడు కాదు. జ్వరమొస్తే మాత్రం అందులోనే కలవరించేవాడు. అది నేనొక్కదాన్నే విన్నాను. కాబట్టి మీరు రాసేది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆయన ఈ మట్టివాడు. ఈ మట్టి ఒప్పుకోదు. ఒప్పుకునే మట్టిలో పెట్టండి.

గొయ్యి పూడ్చేశాం. ఫ్రేదో పాడబోతే వద్దన్నాను.

మీ కమిటీకి ఒక్క మాట చెప్పండి. రైదెల్ నాకు ఫొటో పంపాడు, పెద్దది, అట్ట వేసి. గొయ్యి, నేను, వెనక చెరకు. బాగుంది. కోళ్ళ గూటికి తలుపు లేదు, దానికి కొట్టాను.

మట్టి పడ్డప్పుడు ఎవరున్నారో రాయండి. నాకది చాలు.

మీ కొమాద్రే,
సెనైదా


వాషింగ్టన్ హైట్స్
మార్చి 24

కొమాద్రే సెనైదా గారికి,

శనివారం అయింది.

సంఘం కోశాధికారి సంతకానికి ముందు నన్ను అడిగాడు, “మీరు దొమినికన్. మీ మాట మేమెలా నమ్మాలి?” అని. మదాం ఆంద్రెలీజ్ ముందుకొచ్చి క్రెయోల్‌లో ఏదో అంది. ఆయన తల దించుకుని కాగితం నా ముందుకు తోశాడు. ఏమన్నావని తర్వాత అడిగాను. “వాళ్ళ కిటికీ లాంటిదే మన దగ్గర కూడా ఎప్పుడు తెరిచావు నాయనా, అన్నాను” అంది. సంతకం పెట్టాను. పెట్టాక చెయ్యి కడుక్కున్నాను. ఆయన మీద అసహ్యంతో కాదు, నా పేరు ఆ వాక్యం కింద ఉందనే.

శవాన్ని ఆమే కడిగింది. తెల్ల చొక్కా తొడిగాం. దోన్ కిరికో మెడ కిందికి దిండు సరిచేసి, “మంగళవారం పంపాల్సినవాణ్ణి” అని గొణిగాడు. వ్యాపారి మాటే గాని, నేను విన్న సంతాపాల్లో అదే నిజమైంది.

మట్టి పడ్డప్పుడు ఉన్నది నేను, ఆమె, దోన్ కిరికో, గొయ్యి తవ్వే ఇద్దరు. మన పాదిరికి తీరలేదు, వాళ్ళ పాదిరికి పిలుపు అందలేదు. ఆంద్రెలీజ్ తనకొచ్చినవి పాడింది. నాకు అర్థం కాలేదు. ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా ఆమెన్ అన్నాను. ఒకచోట తప్పు చోట అన్నానేమో, మోచేత్తో పొడిచింది. తర్వాత నాకు సగమే గుర్తున్న జపమాల చెప్పాను. మిగతా సగం దోన్ కిరికో అందించాడు, వృత్తిరీత్యా ఆయనకి అన్నీ వచ్చు.

రాయి మీద పేరొక్కటే చెక్కించాను. ఊరు రాయలేదు. అనూల్ఫో యాన్ అన్న అక్షరాలు లోతుగా, గోరు దూరేంతగా ఉన్నాయి. మీరెప్పుడైనా వస్తే తడిమి చూసుకోవచ్చు. యనెలిస్ కార్డు గురించి నేను మాట ఇవ్వను. ఇచ్చిన మాటలు ఎలా తేలాయో చూశారు. లాయరు ఆఫీసుకి మాత్రం రోజూ వెళ్ళి కూర్చుంటున్నాను. కుర్చీ నాది అయిపోయింది.

కమిటీ రాలేదు, మేం చెప్పలేదు గనక. కాని ఎలా తెలిసిందో, మనిషంత పూలచక్రం పంపారు. దానికి అడ్డంగా వెడల్పాటి శాటిన్ రిబ్బను, రెండు రంగుల్లో ‘ఒకే దీవి కమిటీ’ అని బంగారు అక్షరాలు. అనూల్ఫో పేరు ఎక్కడా లేదు. ఆంద్రెలీజ్ పూలు రాయి దగ్గర పెట్టింది. రిబ్బను ఊడదీసి మధ్యకి చింపింది. రాళ్ళ దారి దాకా వచ్చాక వంగి, తన సగంతో బూట్ల బురద తుడుచుకుని, మిగతా సగం నాకిచ్చింది.

మీ కొంపాద్రే,
ఇసిదోరో